అంతరిక్ష స్ట్రాటజీ గేముల్లో లెక్కల బరువు: ఎవరికి ఏది నప్పుతుంది?

అనంతపురం పక్క శెనక్కాయ వేసే రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేని సంగతి ఒకటుంది. ఊడలు దిగే రోజుల్లో వాన ముఖం చాటేసినా చెట్టు పైకి పచ్చగానే కనిపిస్తుంది. ఎంత పోయిందో పంట పీకిననాడు గానీ తెలియదు. కేసీ కాలువ కింద వరి కయ్య అట్లా కాదు. నీళ్ళు అందకపోతే నాలుగు రోజుల్లో నెర్రెలు విచ్చి తానే చెప్తుంది. అంతరిక్ష స్ట్రాటజీ గేముల్లో ఆర్థిక వ్యవస్థ కూడా ఈ రెండు తీర్లుగానే ఉంటుంది. కొన్నిట్లో తప్పు వెంటనే కళ్ళబడుతుంది. కొన్నిట్లో ఆటలోని కాలం ముప్పై ఏళ్ళు గడిచాక, శత్రువు నౌకలు సరిహద్దు దాటాక బయటపడుతుంది.

గేమ్ కొనేముందు చాలామంది వనరులు లెక్కపెడతారు. ఇందులో మూడే ఉన్నాయి, కాబట్టి సులువు. అందులో పదకొండు, కాబట్టి కష్టం. ఆ లెక్కతో ఎంచుకుంటే తరచూ పొరపాటు పడతాం. చూడాల్సినవి రెండు: మీ తప్పు ఎంతసేపటికి బయటపడుతుంది, ఒకే నిర్ణయాన్ని మీ చేత్తో ఎన్నిసార్లు మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. మొదటిది గేము లోతును చెప్తుంది. రెండోది చాకిరీని చెప్తుంది. లోతు కావాలనుకుని చాకిరీని కొనుక్కున్నవాళ్ళే గేమును సగంలో వదిలేస్తుంటారు.

ఐదు తూముల చెరువు

సులువు అంటే ఏమిటో 1993లో వచ్చిన మాస్టర్ ఆఫ్ ఓరియన్ చూపించినంత శుభ్రంగా మరో గేము చూపలేదనే చెప్పాలి. గ్రహం మీద నొక్కితే ఐదు పట్టీలు వస్తాయి: షిప్, డిఫెన్స్, ఇండస్ట్రీ, ఎకాలజీ, టెక్నాలజీ. ఆ గ్రహం ఉత్పత్తిని చెరువు నీళ్ళనుకుంటే ఇవి ఐదు తూములు. ఒకటి ఎత్తితే తక్కినవి ఆ మేరకు దిగుతాయి. కట్టడాల జాబితా లేదు, కూలీలను పంచే పని లేదు.

అయినా లెక్క ఉంది. ఒక ఫ్యాక్టరీకి 10 బీసీ (ఆటలోని డబ్బు) ఖర్చు, అది టర్నుకు, అంటే ఆటలో ఒక్కో వంతుకు, 1 బీసీ ఇస్తుంది. పెట్టుబడి పది టర్నుల్లో తిరిగి వస్తుంది, వ్యర్థాలు శుభ్రం చేసే ఖర్చు కలిపితే ఇంకాస్త ఆలస్యం. ఆట మొదట్లో ఒక్కో జనాభా యూనిట్ రెండు ఫ్యాక్టరీలను నడపగలదు. కాబట్టి ఫ్యాక్టరీల సంఖ్య జనాభాకు రెట్టింపు అయ్యేదాకా ఇండస్ట్రీ తూము తెరిచిపెట్టి, ఆ తర్వాత నీళ్ళను టెక్నాలజీకి మళ్ళించాలి. ఎకాలజీ పట్టీ పక్కన 'క్లీన్' అన్న మాట కనిపిస్తూ ఉండాలి. అది పోయిందంటే వ్యర్థాలు పేరుకుని ఆ గ్రహం మోయగల జనాభా తగ్గిపోతుంది. తప్పు చేస్తే ఒకటి రెండు టర్నుల్లోనే ఆ పట్టీ మీద కనిపిస్తుంది. పాత గేమే అయినా ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ఇప్పటికీ మంచి బడి. దీని ధోరణిలోనే తయారైన రెమ్నెంట్స్ ఆఫ్ ది ప్రికర్సర్స్ ఉచితంగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది.

1996లో వచ్చిన రెండో భాగం దారి మార్చింది. గ్రహం మీద జనాన్ని రైతులు, కార్మికులు, శాస్త్రవేత్తలుగా విడదీయాలి. ప్రతి గ్రహానికీ కట్టడాల వరస వేరుగా పెట్టాలి. తిండి మిగిలిన గ్రహం నుంచి కరువు గ్రహానికి మోయడానికి ఫ్రైటర్లు అనే సరుకు నౌకలు చాలినన్ని ఉండాలి. ఐదు గ్రహాలున్నప్పుడు ఇది హాయిగా ఉంటుంది. ముప్పై అయ్యాక ప్రతి టర్నులో ఏదో ఒక గ్రహం 'నా పని అయిపోయింది, తర్వాత ఏం కట్టాలి' అని అడుగుతుంది. అప్పటికే జవాబు మీకు తెలుసు, అంతకుముందు ఇరవై గ్రహాలకు చెప్పిన జవాబే. చాకిరీ అంటే ఇదే. 2003లో వచ్చిన మూడో భాగం ఆ భారాన్ని వైస్రాయ్‌లు అనే కంప్యూటర్ పాలకులకు అప్పజెప్పాలని చూసింది. వాళ్ళు ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో ఆటగాడికి అంతుబట్టక ఆ గేము జనానికి నచ్చలేదు. పని తగ్గించాలంటే నిర్ణయాలను తక్కువ చెయ్యాలి. మన నిర్ణయాలను తీసుకెళ్ళి ముసుగు వెనక పెడితే ఉపయోగం లేదు.

స్టెల్లారిస్: గొలుసు ఎక్కడ తెగుతుంది

ఈ గేము గురించి కాస్త విడమరచి చెప్పాలి. మన పక్క పిల్లలు ఎక్కువగా అడిగేదీ, కొన్నాక ఎక్కువగా ఇబ్బంది పడేదీ ఇదే.

2016 మే నెలలో వచ్చినప్పుడు దీని ఆర్థిక వ్యవస్థ సులువుగా ఉండేది. గ్రహాన్ని చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, గడికొక మనిషి, గడికొక కట్టడం. 2018 డిసెంబరులో వచ్చిన 2.2 వెర్షన్ ఆ గళ్ళను తీసేసి జిల్లాలు, ఉద్యోగాలు తెచ్చింది. 2025లో వచ్చిన 4.0 వెర్షన్ జనాభా లెక్కను మళ్ళీ మార్చింది, పాత ఒక్క పాప్ (జనాభా యూనిట్) స్థానంలో ఇప్పుడు వంద. అంకెలు మారాయి గానీ గొలుసు అదే.

ఆ గొలుసును పాత అంకెలతోనే చూద్దాం, అర్థం కావడానికి అవే మేలు. గని కార్మికుడు నెలకు 4 మినరల్స్ తీస్తాడు. మెటలర్జిస్ట్ 6 మినరల్స్ తీసుకుని 3 అలాయ్స్ (నౌకలు కట్టే మిశ్రమ లోహం) ఇస్తాడు. అంటే ఒక్క మెటలర్జిస్ట్‌ను పోషించడానికి ఒకటిన్నర మంది గని కార్మికులు కావాలి. నెలకు 30 అలాయ్స్ కావాలంటే పదిమంది మెటలర్జిస్ట్‌లు, వాళ్ళ వెనక పదిహేనుమంది గనుల్లో. ఇంకో పక్క ఆర్టిజన్ 6 మినరల్స్ తీసుకుని 6 కన్స్యూమర్ గూడ్స్ ఇస్తాడు, పరిశోధకుడు ఒక్కొక్కడు 2 కన్స్యూమర్ గూడ్స్ వాడతాడు. ఒక ఆర్టిజన్ ముగ్గురు పరిశోధకులను మోస్తాడన్నమాట. ఇది కాక జనం మామూలు బతుకుకే కొంత కన్స్యూమర్ గూడ్స్ పోతుంది, అది కూడా కలుపుకోవాలి.

కొత్తవాళ్ళు చేసే తప్పు దాదాపు ఒకటే. యుద్ధం వస్తుందని అలాయ్ ఫౌండ్రీలు వరసగా మూడు కడతారు. కట్టగానే కొత్త ఉద్యోగాలు తెరుచుకుంటాయి. అవి పై తరగతి ఉద్యోగాలు కాబట్టి గనుల్లో ఉన్నవాళ్ళు వెంటనే ఎగబాకి అక్కడికి పోతారు. మినరల్స్ తీసేవాళ్ళు తగ్గారు, వాడేవాళ్ళు పెరిగారు. నిల్వ ఉన్నంతకాలం పై పట్టీలో పెద్ద అంకె కనిపిస్తూనే ఉంటుంది, దాని పక్కన చిన్నగా ఉన్న మైనస్ గుర్తు ఎవరూ చూడరు. నిల్వ సున్నాకు దిగాక సామ్రాజ్యం మొత్తానికి లోటు శిక్షలు పడతాయి. అప్పుడు ఫౌండ్రీలు మూసినా పైకి పోయినవాళ్ళు తిరిగి గనిలో దిగడానికి ఆటలో ఏళ్ళు పడుతుంది, మధ్యలో నిరుద్యోగులుగా కూర్చుంటారు. తప్పు చేసింది ఆట క్యాలెండరు ప్రకారం 2215లో అయితే దెబ్బ తగిలేది 2225లో. మనం మొదట చెప్పుకున్న శెనక్కాయ చేను ఇదే.

జాగ్రత్త పెద్దదేం కాదు. ఒక ఫౌండ్రీ కట్టేముందు గేమును ఆపి మినరల్స్ నెలసరి మిగులు చూడండి. కొత్త ఉద్యోగాలన్నీ నిండితే పోయేదానికంటే ఆ మిగులు ఎక్కువ ఉంటేనే కట్టండి. ఖాళీ ఉద్యోగాలు ముందే పోగేసి పెట్టవద్దు, మనిషి లేని కట్టడానికి కూడా నిర్వహణ ఖర్చు పడుతుంది. ల్యాబులను పై స్థాయికి పెంచితే ఎగ్జాటిక్ గ్యాసెస్, ఫౌండ్రీలను పెంచితే వోలటైల్ మోట్స్ అనే అరుదైన వనరులు ప్రతి నెలా ఖర్చవుతాయి. వాటి రాబడి మొదలు కాకముందే అప్‌గ్రేడ్ నొక్కడం రెండో పెద్ద తప్పు.

లోటు పూడ్చుకోవడానికి గేములో మార్కెట్ ఉంది. కానీ కర్నూలు మార్కెట్ యార్డుకు ఉల్లిగడ్డ లారీలన్నీ ఒకేసారి వచ్చిపడితే ధర ఏమవుతుందో అక్కడా అదే అవుతుంది. ఒకేసారి ఎక్కువ అమ్మితే ధర పడిపోతుంది, ఎక్కువ కొంటే ఎగబాకుతుంది, పైన మార్కెట్ రుసుము కూడా ఉంటుంది. నెలకు కొంచెం కొంచెం కొనేట్టు మంత్లీ ట్రేడ్ పెట్టుకోండి. మార్కెట్ అన్నది ఏడాది రెండేళ్ళ ఇబ్బందిని గట్టెక్కించేది. దానిమీదే సామ్రాజ్యం నడపకూడదు.

చాకిరీ తగ్గించుకునే మార్గం గేము మొదలెట్టేముందే ఉంది. గెలాక్సీ సైజు 200 నక్షత్రాలకు పెట్టండి, నివాసయోగ్య గ్రహాల స్లైడర్‌ను సగానికి లేదా పావుకు దించండి. లోతు ఏమాత్రం తగ్గదు, గొలుసు అంతా అలాగే ఉంటుంది, చూసుకోవాల్సిన గ్రహాలు మాత్రం ముప్పై బదులు ఎనిమిదో పదో ఉంటాయి. మొదటి ఆటకు డీఎల్‌సీలు (విడిగా కొనే అదనపు భాగాలు) ఏవీ అవసరం లేదు, బేస్ గేము చాలు.

మూడు వనరులు, కానీ పరుగు ఆగదు

2008 నాటి సిన్స్ ఆఫ్ ఎ సోలార్ ఎంపైర్‌లో క్రెడిట్స్, మెటల్, క్రిస్టల్, అంతే. కాగితం మీద ఇంతకంటే సులువైనది ఉండదు. కానీ ఇది రియల్ టైమ్, గడియారం మీకోసం ఆగదు. గ్రహం ఆక్రమించిన వెంటనే అది మీ ఖజానాను తింటుంది, జనాభా అప్‌గ్రేడ్లు చేశాకే పన్ను ఇస్తుంది. చుట్టూ ఉన్న గ్రహశకలాల మీద ఎక్స్‌ట్రాక్టర్లు వేస్తే మెటల్, క్రిస్టల్ వస్తాయి. కొత్తవాళ్ళు పడే గుంట ఫ్లీట్ సప్లై దగ్గర ఉంది. సైన్యం పరిమితి పెంచే అప్‌గ్రేడ్ కొంటే మీ మొత్తం రాబడిలో కొంత శాతం శాశ్వతంగా కోతపడుతుంది, మీరు నౌకలు కట్టినా కట్టకపోయినా. ఉన్న పరిమితి నిండేదాకా ఆ అప్‌గ్రేడ్ జోలికి పోకండి.

లెక్కలు చెయ్యడం ఇష్టంలేక, యుద్ధం చూడాలనుకునేవాళ్ళకు ఇది సరైనది. రెండో భాగం 2024లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణానికి వచ్చింది, కొత్తగా కొనేవాళ్ళు అదే తీసుకోవచ్చు, మెషిన్ తగినంత ఉంటే.

ఎండ్‌లెస్ స్పేస్ 2 స్టెల్లారిస్‌కూ సిన్స్‌కూ మధ్యలో నిలుస్తుంది. టర్నుల మీద నడుస్తుంది, తిండి, ఇండస్ట్రీ, డస్ట్ (అంటే డబ్బు), సైన్స్, ఇన్‌ఫ్లుయెన్స్ అని వనరులు ఐదు. గ్రహం గ్రహానికి కాకుండా సౌర వ్యవస్థకొక వరస పెడతాం కాబట్టి నొక్కుళ్ళు బాగా తగ్గుతాయి. ఇంట్లో పిలిస్తే లేచి వెళ్ళి వచ్చి అదే టర్నులో కూర్చోవచ్చు.

పనివాళ్ళను పెట్టుకునే గేము

డిస్టెంట్ వరల్డ్స్ రెండో భాగం 2022లో వచ్చింది. అందులో ఆర్థిక వ్యవస్థ అన్నిటికంటే పెద్దది, మీరు చెయ్యాల్సింది అన్నిటికంటే తక్కువ కావచ్చు. సరుకు నౌకలు, గని నౌకలు ప్రైవేటువాళ్ళవి. వాళ్ళే కొంటారు, వాళ్ళే మోస్తారు. మీ చేతిలో సైన్యం, అన్వేషణ, నిర్మాణ నౌకలు ఉంటాయి. ఒక్కో పనికి మూడు స్థాయిలు పెట్టుకోవచ్చు: పూర్తిగా గేమే చేస్తుంది, సలహా ఇచ్చి మిమ్మల్ని అడుగుతుంది, లేదా మొత్తం మీరే చేసుకుంటారు.

దీన్ని నేర్చుకునే పద్ధతి తలకిందులుగా ఉండాలి. మొదటి రోజు అన్నీ గేముకే వదిలెయ్యండి. రెండో రోజు ఒక్క నౌకాదళం మాత్రం మీ చేతికి తీసుకోండి. అది అలవాటయ్యాక పరిశోధన, ఆపైన నిర్మాణం. అన్నీ ఒకేసారి చేతికి తీసుకున్నవాళ్ళు మొదటి రాత్రే విసిగిపోతారు. ఇక్కడ తరచూ తగిలే దెబ్బ ఇంధనం. యుద్ధానికి పోయిన దళం మధ్యదారిలో నిలబడిపోతుంది, ఎందుకంటే దగ్గర్లోని స్థావరంలో కాస్లాన్ అనే ఇంధనం నిల్వ అడుగంటింది. తప్పు దళానిది కాదు. సరిహద్దుకు దగ్గరలో కాస్లాన్ ఉన్న గ్యాస్ గ్రహం దగ్గర గని స్టేషన్ కట్టకుండానే యుద్ధం మొదలెట్టాం. ముందు ఇంధనం, తర్వాతే దండయాత్ర.

అరోరా 4ఎక్స్ ఇంకా లోతు. ఉచితం, విండోస్ మీద నడుస్తుంది, బొమ్మలు దాదాపు ఉండవు, పట్టికలే. పదకొండు ఖనిజాలుంటాయి. ఒక గని ఏడాదికి ప్రతి ఖనిజంలో 10 టన్నులు తీస్తుంది, దాన్ని ఆ ఖనిజం అందుబాటు అంకెతో హెచ్చవేయాలి. 400 గనులు, అందుబాటు 0.6 అయితే ఏడాదికి 2,400 టన్నులు. ఇంజన్లకు గాలిసైట్, ఇంధనానికి సోరియం. భూమి మీద గాలిసైట్ తరిగిపోతున్న సంగతి కనిపెట్టకపోతే ఒకరోజు నౌకల కర్మాగారం మొత్తం ఆగిపోతుంది. దూరపు గ్రహశకలం నుంచి ఖనిజాన్ని మాస్ డ్రైవర్ అనే యంత్రంతో మూటలుగా విసరవచ్చు, కానీ అందుకునే చోట కూడా మాస్ డ్రైవర్ ఉండాలి. అది లేకుంటే ఆ మూటలు వచ్చి మీ సొంత గ్రహాన్నే బాదుతాయి. డ్రైవర్‌ను వేరే చోటికి తరలించేముందు దానివైపు ఏ మూటలు ప్రయాణంలో ఉన్నాయో చూసుకోవాలి. ఖాతా పుస్తకం రాయడంలో తృప్తి దొరికే మనిషికి ఇంతకు మించిన గేము లేదు. తక్కినవాళ్ళు దీని జోలికి రాకపోవడమే మంచిది. ఇంకో మాట, ఇది 1440×900 స్క్రీన్‌ను దృష్టిలో పెట్టుకుని చేసింది. 1366×768 ల్యాప్‌టాప్‌లో కిటికీల అడుగుభాగం కనిపించక ఇబ్బంది పడతారు.

చేతిలో ఎంత సమయం, ఎట్లాంటి మెషిన్

ప్రొద్దుటూరులో కొట్టు చూసుకుంటూ గిరాకీ మధ్య పది నిమిషాలు దొరికేవాళ్ళకు పైన చెప్పినవేవీ పనికిరావు. వాళ్ళకు ఫోన్‌లో గాల్కాన్ బాగుంటుంది. గ్రహం మీద అంకె దానంతటదే పెరుగుతుంది, ఎన్ని నౌకలు ఎటు పంపాలన్నదే నిర్ణయం, ఆట కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఇంకాస్త ఆలోచన కావాలంటే బ్రౌజర్‌లో నడిచే నెప్ట్యూన్స్ ప్రైడ్ ఉంది. నక్షత్రానికి ఎకానమీ, ఇండస్ట్రీ, సైన్స్ మూడే. ఒక్కో ఎకానమీ పాయింటుకు రోజుకోసారి ఆట డబ్బు 10 డాలర్లు జమవుతాయి. సహజ వనరులు ఎక్కువున్న నక్షత్రంలో అప్‌గ్రేడ్ చవక, కాబట్టి డబ్బు పడగానే ముందు అక్కడ కొనాలి. దళాలు చేరడానికి గంటలు పడుతుంది. మీరు పడుకున్నప్పుడూ ఆట నడుస్తుంది, అవతల మనుషులే ఉంటారు, ఆ ఒత్తిడి తట్టుకోగలిగితేనే దిగండి.

హాస్టల్లో ఉండి, మామూలు ల్యాప్‌టాప్ ఉండి, డబ్బు పెట్టలేని విద్యార్థులకు ఫ్రీఓరియన్. పూర్తిగా ఉచితం. గ్రహానికి ఒక్క ఫోకస్ పెడితే చాలు: ఇండస్ట్రీ, పరిశోధన లేదా ఇన్‌ఫ్లుయెన్స్. రవాణా కలిసిన గ్రహాల ఉత్పత్తి అంతా ఒకే కుప్పలో పడుతుంది, వరస కూడా ఒక్కటే. అక్కడ మరిచిపోకూడనిది ఇన్‌ఫ్లుయెన్స్. కాలనీలు పెరిగేకొద్దీ అది మైనస్‌లోకి జారుతుంది, జారితే జనంలో స్థిరత్వం పడిపోతుంది. మొదటి కొన్ని కాలనీల్లోనే ఒకదాన్ని ఇన్‌ఫ్లుయెన్స్‌కు కేటాయించండి.

స్టెల్లారిస్ కొనేవాళ్ళకు 8 జీబీ ర్యామ్ ఉంటే నయం. ఆట చివర్లో మందగించేది గ్రాఫిక్స్ వల్ల కాదు, జనాభా లెక్కలు వేసే ప్రాసెసర్ వల్ల. మే నెలలో కడపలో మిద్దె మీది గదిలో ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, దాంతో 2350 తర్వాత ఒక్కో నెల నడవడానికి చాలాసేపు పడుతుంది. చిన్న గెలాక్సీ అందుకు కూడా మందు. ల్యాప్‌టాప్ వెనక భాగం రెండు పుస్తకాల మీద ఎత్తిపెట్టి, పరుపు మీద కాకుండా గట్టి బల్ల మీద ఆడండి. డెస్క్‌టాప్ వాడేవాళ్ళు కరెంటు పోవడాన్ని లెక్కలో పెట్టుకోవాలి. ఆటోసేవ్‌ను ఆటలో ఏడాదికోసారి కాకుండా తక్కువ వ్యవధికి మార్చండి. ఐరన్‌మ్యాన్ అనే ఆట పద్ధతి ఒక్కటే సేవ్ ఫైల్ ఉంచుతుంది, యూపీఎస్ లేని ఇంట్లో దాన్ని ఎంచుకోకండి.

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. బరువైన గేములకు ఆ రెండు గంటలు ట్యుటోరియల్‌కే సరిపోతాయి, ఆలస్యంగా బయటపడే తప్పులు ఆ లోపల కనిపించనే కనిపించవు. అందుకని కొనకముందే ఆ గేము చివరి దశ ఆడుతున్న వీడియో ఒకటి అరగంట చూడండి, స్టెల్లారిస్ అయితే 2350 తర్వాతది. ఒక కాగితం మీద రెండు గళ్ళు గీసుకోండి. ఆడుతున్న మనిషి కొత్తగా ఆలోచించి నొక్కిన ప్రతిసారీ ఒక గడిలో గీత, ఇంతకుముందు చేసిందే మళ్ళీ చేసిన ప్రతిసారీ రెండో గడిలో గీత పెట్టండి. రెండో గడి నిండిపోతున్నా ఆ వీడియో మీకు విసుగు పుట్టించకపోతే ఆ గేము కొనుక్కోండి.